ఆకలి అపరాధమా?

పంక్తిలో స్థూలకాయుడొకడు రెండవమారు అన్నమడిగినపుడు ప్రక్కవారి పెదవులపై చిరునవ్వు మొలచుట లోకమున నిత్యము కనబడునదే. పెండ్లిచూపులలో కన్యను చూచి “తిండి కొంచెము తగ్గింపరాదా?” అని పెద్దలే పలుకుదురు. ఆ మాటలలో ఒక తీర్పు దాగియున్నది. స్థూలత్వము జిహ్వచాపల్యమునకు ఫలము, జిహ్వచాపల్యము నిగ్రహలోపము, నిగ్రహలోపము దోషము, కావున స్థూలకాయుడు దోషి. ఈ తర్కము వినుటకు సులభముగా నున్నది. ఇది సత్యమగునా యని విచారింపవలసియున్నది.

ఆకలి యనునది కడుపు ఖాళీ యగుటచే మాత్రమే కలుగునది కాదు. అది దేహము మెదడునకు పంపు వార్త. ఆ వార్తను మోయు దూతలలో హార్మోనులు ముఖ్యములు. 1994లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందమువారు లెప్టిన్ అను దానికి మూలమైన జన్యువును గుర్తించిరి. క్రొవ్వునుండి పుట్టు లెప్టిన్ దేహమున నిల్వ యెంత కలదో మెదడునకు తెలుపును. 1999లో జపాను శాస్త్రజ్ఞులు కోజిమా, కంగావా మున్నగువారు జీర్ణాశయమునుండి వెలువడు గ్రెలిన్‌ను కనుగొనిరి. ఇది భోజనమునకు ముందు పెరిగి, భోజనానంతరము తగ్గును. ఆకలిని రేపుట దీని పని.

మితాహారముచే బరువు తగ్గినవాని దేహమున లెప్టిన్ క్షీణించును, గ్రెలిన్ పెరుగును. దేహము ఆ తగ్గుదలను కరవుగా నెంచి, పోయినదానిని మరల కూర్చుకొన యత్నించును. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున 50 మందికి పది వారములు అత్యల్పాహారమిచ్చి పరిశీలించిన ఫలితములు 2011లో వెలువడినవి. బరువు తగ్గి యేడాది గడచినను ఆ హార్మోనుల మార్పులు పూర్వస్థితికి రాలేదు. ఆకలియు మునుపటికంటె మిక్కుటముగనే యుండెను. పట్టుదలతో బరువు తగ్గించుకొనినవాడు తన పాత ఆకలితో గాక, అంతకంటె బలమైన ఆకలితో పోరాడుచున్నాడన్నమాట.

ఇక శస్త్రచికిత్స సంగతి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ 1966లో గ్యాస్ట్రిక్ బైపాస్ అను చికిత్సను ప్రవేశపెట్టెను. జీర్ణాశయము పైభాగమున చిన్న సంచి నేర్పరచి, దానిని చిన్నప్రేగులో దిగువ భాగమునకు కలుపుట దీని పద్ధతి. సంచి చిన్నది గనుక తినుట తగ్గును, బరువు తగ్గును అని చాలకాలము తలచిరి. కాని నార్త్ కరొలైనా రాష్ట్రమందలి గ్రీన్‌విల్‌లో వాల్టర్ పోరీస్ బృందమువారు 1995లో ప్రకటించిన అనుభవము వైద్యులను ఆశ్చర్యపరచినది. చికిత్స పొందిన 146 మంది మధుమేహులలో 121 మందికి రక్తమున చక్కెర సాధారణస్థితిలో నిలిచినది. పైగా అనేకులలో బరువు తగినంత తగ్గకమునుపే, కొలది దినములలో ఆ మార్పు కనబడినది. ఆ దినములలో ఆహారమల్పమగుట కొంత కారణమే. కాని అదియే సర్వమును గాదు.

తిన్న ఆహారము త్వరగా ప్రేగు దిగువ భాగమును చేరుటచే అచ్చటి కణములు జీఎల్‌పీ-1, పీవైవై అను హార్మోనులను మునుపటికంటె చాల అధికముగ విడుచును. మొదటిది ఇన్సులిన్ ఊటకు తోడ్పడును; రెండును మెదడునకు “తృప్తి కలిగినది” అని తెలుపును. స్లీవ్ అను మరియొక పద్ధతిలో జీర్ణాశయములో మూడువంతులకు పైగా తొలగింతురు; గ్రెలిన్ అధికముగ పుట్టు భాగము దానితో పోవుటచే దాని పరిమాణము తగ్గును. బైపాస్‌లో గ్రెలిన్ విషయమున ఫలితములు అన్నిచోట్ల ఒక తీరుగా లేవు. ఏది యెట్లున్నను, కత్తి కడుపును కోసినది. మారినది మెదడునకు చేరు వార్త.

ఇచ్చట ధర్మసందేహము పుట్టును. నిన్న ఆకలికి లొంగినవాడు చికిత్స పిదప కొంచెముతో తృప్తుడగుచున్నాడు. రాత్రికి రాత్రి వానికి నిగ్రహము కలిగినదా? కలుగలేదు. వాని గుణము మారలేదు. వాని భారము తేలికపడినది. అట్లయిన మునుపు వానియందు మన మెంచిన దోషములో కొంతయైనను దోషము కాక భారమే యని యొప్పుకొనక తప్పదు. సహజముగ స్వల్పమైన ఆకలిగలవాడు మితముగ తినుటలో గొప్ప యేమున్నది? బలమైన ఆకలితో పెనుగులాడి పదిమారులు గెలిచి పదునొకండవమారు ఓడినవాని నిగ్రహమే అధికమైనది కావచ్చును. ఆ పోరు బయటివారి కంటికి కనబడదు; కనబడు దేహమును చూచి తీర్పు చెప్పుదురు.

“అట్లయిన మనుష్యునకు బాధ్యతయే లేదా?” యని యడుగవచ్చును. కలదు. ఆకలి కలుగుట తన చేతిలో లేదు. ఆకలి గొన్నపుడు చేయు పని కొంతవరకైనను తన చేతిలో నున్నది. శస్త్రచికిత్సయు బాధ్యతను తొలగింపదు, మార్చును. ఇనుము, కాల్షియము, బి12 విటమిను లోపింపకుండ జీవితాంతము జాగ్రత్తపడవలెను. బి12 లోపము నరములను చెరచును. బైపాస్ పిదప మద్యము రక్తములో వేగముగ కలియును గనుక వ్యసనభయము పెరుగును. కొందరికి సంవత్సరముల పిదప బరువు మరల వచ్చును. స్త్రీలలో తప్పిన ఋతుక్రమము తరచుగా చక్కబడి సంతానయోగ్యత పెరుగును. కాని ఏడాది, ఏడాదిన్నర గర్భము వలదని వైద్యులు చెప్పుదురు. దీనిని అడ్డదారి యని పరిహసించువారు ఈ మార్గముననున్న ముండ్లను చూడలేదు.

పరిహాసముచే కలుగు హాని యింకొకటి. నిందకు వెరచి చికిత్సను దాచుకొన్నవారు మందులు నలుగురిలో మ్రింగలేరు. విందులో ఎందుకు తక్కువ తినుచున్నారో చెప్పలేరు. మరల వైద్యుని చూడ సంకోచింతురు. మొదట తిన్నందుకు నిందించినవారే పిమ్మట తినకున్నందుకు నిందింతురు.

చికిత్స కావలెనా వలదా యనునది రోగియు వైద్యుడును నిర్ణయింపవలసినది. ఇంటివారి వంతు దానికి ముందే కలదు. ఎదుటివాని ఆకలి యెంతటిదో ఎరుగనివారికి వాని నిగ్రహమును కొలుచు అధికారము లేదు. పంక్తిలో రెండవమారు అన్నమడిగినవానికి వడ్డించువాడు వడ్డింపవలెను. ప్రక్కవాడు తన విస్తరిని చూచుకొనవలెను.