పనుల పట్టిక ఎవరి చేతిలో ఉండవలెను?

గాంధీపురము క్రాస్‌కట్ రోడ్డు దుకాణములలో చిట్టా, ఆవర్జాల ప్రక్కన ఇప్పుడు సెల్‌ఫోను చేరినది. ఎవరికి సరుకు పంపవలెను, ఎవరి బాకీ అడుగవలెను, అమ్మాయి పెండ్లిపనులు ఎంతవరకు వచ్చినవి, అన్నియు గూగుల్ కీప్, మైక్రోసాఫ్ట్ టు డూ, నోషన్ వంటి వానిలో వ్రాసికొనుచున్నాము. ఏది మంచిదని పిల్లలు వాదించుకొందురు. రంగులు చూచి ఎంచుకొనుట చీరకు తగును గాని దీనికి తగదు.

అసలు ప్రశ్న వేరు. "ఫలానావారు రెండు నెలలు గడువు కోరినారు" అని నేను వ్రాసికొన్న మాట నాది మాత్రమేనా? ఆయన నన్ను నమ్మి చెప్పెను. ఎక్కడో ఉన్న కంపెనీ యంత్రమును నమ్మి కాదు. వెనుకటి ఆవర్జా ఇనుపపెట్టెలో ఉండెడిది, తాళము మనది. వ్యక్తుల సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టము చేసినది నిజమే. అయినను ఖాతాదారుని పరువు కాపాడుట చట్టము రాకముందును మన బాధ్యతయే గదా!

మరియొకటి. జర్మనీలో పుట్టిన వుండర్‌లిస్టును 2015లో మైక్రోసాఫ్ట్ కొని, 2020 మే నెలలో మూసివేసినది. వాడినవారు తమ పట్టికలను వేరుచోటికి మార్చుకొనవలసి వచ్చినది. కావున వ్రాసినదంతయు తిరిగి తీసికొన వీలున్నదా, నెట్టు లేనప్పుడు తెరచుకొనునా అని ముందు చూడవలెను. సాధనము ఒక్కటి చాలును. నాలుగింట వ్రాసినవాడు నాలుగింటను వెదకుకొనును. పరిగ్రహ పరిమాణము పెట్టెలోని బంగారమునకే గాక ఫోనులోని వానికిని వర్తించునని నా అభిప్రాయము. బాకీదారుల పేర్లు మాత్రము మా కొట్టులో నేటికిని కాగితము మీదనే వ్రాయుచున్నాము. ఫోనులో తేదీ ఒక్కటే.