దాచవలసిన పాపం, చెప్పవలసిన పొరపాటు

ఆదమ్ సంతానమంతా తప్పులు చేసేవారేననీ, తప్పు చేసేవారిలో ఉత్తములు పశ్చాత్తాపంతో అల్లాహ్ వైపునకు మరలేవారనీ దైవప్రవక్త (స) బోధించారు. ఈ హదీసు మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. అయితే దీన్ని విన్న తర్వాత తలెత్తే ఒక ప్రశ్నను మనం అంతగా పట్టించుకోము. తౌబా అంటే తప్పును అల్లాహ్ ముందు మాత్రమే ఒప్పుకోవడమా, లేక మనుషుల ముందు కూడా నోరు విప్పవలసి ఉంటుందా?

పాపాన్ని చాటుకోవడాన్ని ఇస్లాం అనుమతించదు. రాత్రి చేసిన పాపాన్ని అల్లాహ్ కప్పి ఉంచగా, తెల్లవారగానే తనంతట తానే నలుగురికీ చెప్పుకునేవాణ్ణి దైవప్రవక్త (స) గర్హించారు (బుఖారీ, ముస్లిం). తోటి ముస్లిం లోపాన్ని కప్పి ఉంచడం పుణ్యకార్యం. పాపాలు విని క్షమాభిక్ష ప్రకటించే మధ్యవర్తి ఎవరూ మన ధర్మంలో లేరు. దాసుడు రాత్రి చీకటిలో తన ప్రభువుతో నేరుగా మొరపెట్టుకుంటాడు, అంతే. ఇది అల్లాహ్ మనపై చేసిన గొప్ప ఉపకారం. కాని ఈ ఉపకారాన్నే అడ్డం పెట్టుకుని, చెప్పి తీరవలసిన తప్పులను కూడా దాచుకునేవారు మనలో ఉన్నారు.

హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేట దాటి కరీంనగర్ రహదారిపై వెళితే తుర్కపల్లి వస్తుంది. 1990ల చివరి నుంచి అక్కడ జీనోమ్ వ్యాలీ రూపుదిద్దుకుంది. 2021లో కోట్లాది మంది వేయించుకున్న కోవాగ్జిన్‌ను తయారుచేసిన భారత్ బయోటెక్ ఉన్నది అక్కడే. టీకాలు, మందులు తయారయ్యే ఇలాంటి చోట్ల పనిచేసేవారికి ప్రపంచమంతటా ఒకటే నియమం. ఏ పని ఎప్పుడు, ఎంత ఉష్ణోగ్రతలో, ఎవరు చేశారో అప్పటికప్పుడు బ్యాచ్ రికార్డులో రాయాలి. అంకె తప్పు పడితే చెరపకూడదు, వైట్‌నర్ పూయకూడదు. తప్పు అంకెపై ఒకే ఒక్క గీత కొట్టాలి, కింద ఏముందో చదవడానికి వీలుండాలి. పక్కన సరైన అంకె వేసి, కారణం, సంతకం, తేదీ పెట్టాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే, దాగిన లోపం పసిపిల్లల శరీరంలో బయటపడుతుంది. 1955లో అమెరికాలో కట్టర్ లేబొరేటరీస్ వారి పోలియో టీకా కొన్ని బ్యాచ్‌లలో వైరస్ పూర్తిగా చావలేదు. పిల్లలు అవిటివారయ్యారు, మొత్తం పదిమంది చనిపోయారు. పరీక్షలో విఫలమై పారబోసిన బ్యాచ్‌ల సంగతి ప్రభుత్వానికి చెప్పాలన్న నిబంధన ఆనాడు లేదు. ఆ దుర్ఘటన తర్వాతే పరీక్షలు కట్టుదిట్టమయ్యాయి.

ఇప్పుడు ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. ఐదు పూటలా నమాజు చేస్తాడు. రాత్రి డ్యూటీలో కోల్డ్ రూమ్ తలుపు సరిగా వేయలేదు, లోపల వేడి పెరిగింది. ఉద్యోగం పోతుందన్న భయంతో రికార్డులో సరైన అంకెనే వేశాడు. ఇంటికెళ్లి కన్నీళ్లతో తౌబా చేసుకున్నాడు. అల్లాహ్ కప్పి ఉంచాడు కదా, నేనెందుకు విప్పాలి అనుకున్నాడు. అతని కన్నీళ్లు నిజమైనవే కావచ్చు. కాని ఆ సీసాలు ఇంకా గోదాములోనే ఉన్నాయి!

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టారు. లోపల తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వర్షం పడిందని వర్తకుడు చెప్పాడు. జనం చూసేలా తడిసినదాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) నిలదీశారు, మోసగించేవాడు నావాడు కాడన్నారు (ముస్లిం). గమనించండి, వర్షం కురవడం వర్తకుని తప్పు కాదు. తడి ఎలా వచ్చిందన్నదానికి కాదు, దాన్ని అడుగున పెట్టినందుకు ఆయన (స) మందలించారు. అందుకే తౌబాకు ధర్మవేత్తలు చెప్పిన షరతులు తప్పును మానడం, బాధపడడం, మళ్లీ చేయనని సంకల్పించడం అనే మూడింటితో ఆగవు. ఇమామ్ నవవీ చెప్పినట్లు తోటివారి హక్కు ఇమిడి ఉన్నప్పుడు ఆ హక్కును తీర్చడం నాలుగో షరతు. చెప్పాలి అంటే ఊరంతా చాటమని కాదు. సరిదిద్దగలవానికి చెబితే చాలు. ఆ యువకుడు తెల్లవారకముందే పైఅధికారి దగ్గరకు వెళ్లవలసింది.

భయం మాటేమిటి? హిజ్రీ 9వ సంవత్సరంలో హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) తబూక్ యాత్రకు వెళ్లలేదు. ఆయన అంతకు ముందెన్నడూ లేనంత కలిమిలో ఉన్నారు, రెండు ఒంటెలున్నాయి. రేపు బయలుదేరుదామంటూ రోజులు గడిపేశారు. సైన్యం తిరిగివచ్చాక ఎనభైమందికి పైగా ఏవో సాకులు చెప్పి బయటపడ్డారు. మాటకారి అయిన కఅబ్ (రజి) కూడా ఒక సాకు అల్లగలరు. కాని తన దగ్గర ఏ కారణమూ లేదని నిజం చెప్పేశారు. ఫలితంగా యాభై రోజులు ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. నలభై రోజుల తర్వాత భార్యకు కూడా దూరంగా ఉండమన్న ఆజ్ఞ వచ్చింది. నిజం చెప్పినవానికి శిక్ష, అబద్ధాలకోరులకు విడుదల! పైకి చూస్తే అన్యాయంగానే ఉంటుంది. యాభయ్యో రోజు తెల్లవారుజామున తౌబా స్వీకరించబడిందన్న శుభవార్త వచ్చింది. సాకులు చెప్పినవారి సంగతి తౌబా సూరాలో చదవండి. ఈ వృత్తాంతం మనకు చేరింది కఅబ్ (రజి) స్వయంగా చెప్పడం వల్లే. వృద్ధాప్యంలో చూపు పోయాక తన చేయి పట్టి నడిపించే కుమారునికి ఆయన ఇదంతా వివరంగా వినిపించారు.

ఒప్పుకునేవాని సంగతి ఇది. వినేవాని బాధ్యత కూడా ఉంది, దాన్ని మనం తరచు మరచిపోతాం. పగిలిన గ్లాసు గురించి నిజం చెప్పిన పిల్లవాడికి దెబ్బలు పడే ఇంట్లో, రెండోసారి ముక్కలు మంచం కిందకు చేరతాయి. ఉహుద్‌లో యాభైమంది విలుకాండ్రలో అధికులు తమ స్థానం వదిలి దిగివచ్చారు. డెబ్భైమంది అమరులయ్యారు, దైవప్రవక్త (స) ముఖానికి గాయమైంది. ఆ తప్పును ఆలి ఇమ్రాన్ సూరా దాచలేదు, విడమరచి చెప్పింది. వెంటనే అదే సూరాలో, వారిని మన్నించమనీ, వ్యవహారాలలో వారిని సంప్రదిస్తూనే ఉండమనీ ప్రవక్త (స)కు ఆజ్ఞ అయింది. నగరం వదలి బయటికెళ్లి పోరాడదామని ఒత్తిడి చేసింది కూడా ఆ సహచరులలోని వారే.