కౌంటు కాయితం

ఆటలో తప్పు జరిగి, ఆ తప్పు మనకి లాభమైతే నోరు విప్పాలా, ఊరుకోవాలా? పేకాటలో నీతేమిటని తీసిపారెయ్యొచ్చు. కానీ కోర్టుకెక్కిన ఆటే ఇది. మూడు ముక్కలాట ఉత్త అదృష్టం, పదమూడు ముక్కల రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని 1967లో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియడం అందులో నైపుణ్యం. కాబట్టి నాక్కావలసిన ముక్క ఎదుటివాడు పొరబాటున పారేస్తే నేను చెప్పక్కర్లేదు. ఆ మౌనం ఆటలో భాగమే. ముక్కలు కింద పరిచాక మాత్రం ఆట అయిపోయి లెక్క మొదలవుతుంది. లెక్క అందరిదీ.

ఈ తేడా మీదే మా బావకీ నాకూ తగువైంది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు ఫ్యాక్టరీ కింద బావ వాళ్ళ ఊరు పోయింది. ఊళ్ళు పోయినవాళ్ళకిచ్చిన ఆర్ కార్డు మీద ఉద్యోగంలోకొచ్చాడు. ఆ కార్డు పట్టుకుని ఉద్యోగం రాకుండానే ముసలైపోయినవాళ్ళూ ఉన్నారు. ఓ ఆదివారం గాజువాకలో నలుగురం నూటొకటి ఆడుతున్నాం. తలో పాతిక రూపాయలు. 101 దాటినవాడు ఔటు. కౌంటు రాసేది ఓ పెద్దకులపాయన. ఎప్పుడూ ఆయనే. "మీకెందుకులే, నేన్రాస్తా" అంటాడు. బావకి అప్పటికే 62. చేతిలో 46 మిగిలాయి. ఆయన 26 వేశాడు. బావ చూశాడు, నేనూ చూశాను. బావ నా మోకాలు నొక్కాడు.

"నలభై ఆరండీ" అన్నాను. బావ ఔటు.

"అబ్బో, నిజాయితీపరుడివే!" అని ఆశ్చర్యపోయాడాయన.

దారిలో బావ నిలదీశాడు. "మీ అయ్య మూటలు మోసినన్నాళ్ళూ ఆళ్ళు లెక్క తక్కువేస్తే, పక్కనున్నోడు ఎవుడైనా నోరిప్పేడేటి? నువ్వేటిరా హరిచ్చెంద్రుడివి?"

మా అయ్య పోర్టులో కలాసీ. చదువు లేదు. యాభై బస్తాలు మోస్తే నలభై అయిదని రాసిన రోజులున్నాయి. రాసినవాడు ఒక్కడే. చూసి ఊరుకున్న చదువుకున్నోళ్ళు చాలామంది. వాళ్ళెవరూ అబద్ధమాడలేదు. అయ్యా మాట్లాడలేదు గానీ, తెలియనివాడి మౌనమూ తెలిసినవాడి మౌనమూ ఒకటి కాదు. కులం తిట్లతోనే బతకలేదు, తెలిసినవాళ్ళ మౌనంతో కూడా బతికింది.

అందుకని బావ కోపం న్యాయమైందే. కౌంటాయన ఆశ్చర్యమే నన్ను కాల్చింది. మన నిజాయితీ వాళ్ళ సర్టిఫికెట్టు కోసం కాదు. మేం మంచివాళ్ళమని రుజువు చేసుకోవాల్సిన ఖర్మ దళితుడికి లేదు.

మరెందుకు చెప్పాలి? బుద్ధుడి ధమ్మం మీద అంబేద్కర్ రాసిన పుస్తకం ఆయన పోయాక 1957లో వచ్చింది. ధమ్మానికి చోటు ఒంటరి మనిషిలో కాదు, మనుషుల మధ్యనే అన్నది అందులో వాదన. అంటే చెప్పాల్సింది నా మనసు కడుక్కోడానికి కాదు, నలుగురి మధ్యనున్న కాయితం కోసం. లాభమొచ్చినప్పుడు ఊరుకుంటే, నష్టమొచ్చినప్పుడు అడిగే హక్కుని నేనే పారేసుకున్నట్టు. అయ్య పక్కన నిలబడి ఊరుకున్నవాళ్ళ విద్య నేనూ నేర్చుకున్నట్టు.

ఆ తర్వాతి ఆదివారం ఇంకో మాట కూడా అడిగాను. కాయితం మధ్యలో ఉండాలి, పెన్సిలు చేతులు మారాలి అని. కాస్త గొణుగుడయ్యాక ఒప్పుకున్నారు. ఇప్పుడు బావ కూడా కౌంటు రాస్తాడు.

బావ మాత్రం నాతో ఒప్పుకోలేదు. "పేకాట కాయితం మద్దిలోకొచ్చింది, సరే. మస్తరు కాయితం ఎప్పుడొస్తాది?" అంటాడు. అదీ రావాలి. దానికోసం కొట్లాడాల్సిన నోరు పాతిక రూపాయల దగ్గర మూతపడకూడదనే నేననేది.