స్ప్రింగు పని, చేతి పని

పిన్నీసులో పదునుంది, స్ప్రింగుంది, మొనని దాచే టోపీ ఉంది. 1849లో న్యూయార్కులో వాల్టర్ హంట్ అనే ఆయన ఒక తీగముక్కని మెలితిప్పి దీన్ని తయారుచేసి, పేటెంటు తీసుకుని, ఆ హక్కుల్ని 400 డాలర్లకి అమ్మేసుకున్నాడు. మొనని టోపీలో బిగించి పట్టేది ఆ మెలికలోని తోపుడే. తెరవాలంటే ఆ తోపుడుకి ఎదురు నొక్కి, పక్కకి జరిపి, మన చేత్తో బయటికి తియ్యాలి. అంటే పిన్నీసు స్ప్రింగు మూసి ఉంచడానికే పనికొస్తుంది. తెరవడం పూర్తిగా మనిషి బాధ్యత.

చీర కుచ్చిళ్ళకీ, పిల్లల లంగోటీలకీ, తెగిన చెప్పుకీ పనికొచ్చే ఈ వస్తువు సిటీబస్సుల్లో మరో పని కూడా చేసింది. వెనకనించి ఒంటిమీదికి వాలే చేతికి గుచ్చడానికి పిన్నీసుని వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడటం ఈ దేశంలో కొన్ని తరాల ఆడవాళ్ళకి ఏ పాఠ్యపుస్తకమూ నేర్పని విద్య. దాన్ని ఎవరూ ఆయుధం అనలేదు. ఏ తనిఖీలోనూ పట్టుకోలేదు. గాజుకో, మంగళసూత్రానికో వేలాడుతూ అది గృహిణి వస్తువుగానే మిగిలిపోయింది.

ఇప్పుడు పిన్నీసు పక్కన ఇంకో వస్తువుని పెట్టి ఆలోచించాల్సి వచ్చింది. అమెరికాలో చదువుకుంటున్న మా పెద్దక్క కూతురు ల్యాబులో రాత్రి పదకొండు దాకా పనిచేస్తుంది. కారు నిలిపే చోటు ల్యాబుకి దూరం, దారిలో దీపాలు తక్కువ. తోటి విద్యార్థి ఒకతను ఆమెకి స్ప్రింగు సాయంతో తెరుచుకునే మడతచాకు ఒకటి కానుకగా ఇచ్చాడు. ఆమె ఫోనులో నన్నడిగిన ప్రశ్న చాలా చిన్నది. "పిన్నీ, ఇది జేబులో పెట్టుకుని తిరిగితే ప్రమాదమా?" సాహిత్యంలో డాక్టరేటు చేసిన నాకు కత్తుల గురించి ఏం తెలుసు? తెలుసుకుని చెప్తానన్నాను. తెలుసుకుంటున్నకొద్దీ ఆ ప్రశ్న అంత చిన్నది కాదనిపించింది.

ముందు వస్తువు సంగతి. మీట నొక్కగానే దానంతటదే తెరుచుకునే చాకు వేరు, ఇది వేరు. ఇందులో మూసి ఉన్న అలుగుని లోపలి అమరిక మూసే వైపుకే పట్టి ఉంచుతుంది. అలుగుకి ఉన్న చిన్న బొడిపెని బొటనవేలితోనో, వెనక పొడుచుకొచ్చిన కొసని చూపుడువేలితోనో కొంచెం కదపాలి. ఆ కొంచెం దాటాక స్ప్రింగు అందుకుని మిగతా దూరమంతా తనే తోసేస్తుంది. మొదలుపెట్టేది చెయ్యి, ముగించేది స్ప్రింగు. చిక్కంతా ఇక్కడే ఉంది. మొదలుపెట్టేది చెయ్యే కానక్కరలేదు. జేబులో తాళంచెవి ఆ బొడిపెకి తగులుకున్నా, వంగి కూర్చున్నప్పుడు గుడ్డ మడత ఆ కొసని లాగినా స్ప్రింగుకి తేడా తెలియదు. అందుకే కొన్ని రకాలకి మూసి ఉంచే చిన్న గొళ్ళెం అదనంగా అమరుస్తారు. అనుభవమున్నవాళ్ళు చెప్పే జాగ్రత్తలూ స్పష్టంగానే ఉన్నాయి. చాకుని క్లిప్పుతో జేబు అంచుకి నిలువుగా తగిలించాలి. అలుగు మొద్దువైపు జేబు కుట్టుకి ఆని ఉండాలి, అప్పుడది తెరుచుకోబోయినా కుట్టు అడ్డుపడుతుంది. ఆ జేబులో ఇంకేమీ పెట్టకూడదు. అన్నిటికన్నా ప్రమాదం, దాన్ని వదులుగా పడేసి తిరగడం.

చట్టం కూడా ఈ స్ప్రింగు దగ్గరే తడబడింది. మీట చాకులు రాష్ట్రాల మధ్య అమ్మకానికి పోకుండా అమెరికా 1958లో చట్టం చేసింది. 2009లో అక్కడి కస్టమ్స్ శాఖ ఈ స్ప్రింగు సాయం చాకుల్ని కూడా ఆ కోవలోకే చేర్చబోయింది. అదే ఏడాది కాంగ్రెస్ అడ్డుపడి, అలుగుని మూసే వైపుకి పట్టి ఉంచే అమరిక ఉండి, తెరవడానికి చేతి బలం అలుగుమీద పడాల్సి ఉంటే అది మీట చాకు కాదని సవరణ చేసింది. ఒక వస్తువు ఆయుధమా పనిముట్టా అనే నైతిక ప్రశ్నని చట్టం చివరికి ఆ మొదటి చిన్న కదలికమీద నిలబెట్టిందన్నమాట. రాష్ట్రాల చట్టాలూ విశ్వవిద్యాలయాల నిబంధనలూ వేరువేరుగా ఉంటాయి కాబట్టి, వీధిలో నేరం కాని చాకు క్యాంపస్ గేటు దాటగానే నేరం కావచ్చు.

ఆ జాగ్రత్తల జాబితాని మళ్ళీ చదవండి. దానికి ఒక జేబు కావాలి. లోతైనది, నిలువైనది, గట్టి కుట్టున్నది, చాకుకి మాత్రమే కేటాయించగలిగినది. ఆ జేబు ఎవరిది? 2018లో ది పుడింగ్ అనే పత్రిక అమెరికాలో పేరున్న ఇరవై బ్రాండ్ల జీన్సుని కొలిచింది. ఆడవాళ్ళ జీన్సు ముందు జేబులు మగవాళ్ళవాటికన్నా సగటున 48 శాతం పొట్టిగా, 6.5 శాతం ఇరుకుగా ఉన్నాయి. మన చీరకి జేబే లేదు, బొడ్లో దోపుకోవడమో కొంగున ముడేసుకోవడమో. చుడీదారుకి దర్జీ దయతలిస్తే ఒకటి. జేబు లేనివాళ్ళ చాకు ఎక్కడికి పోతుంది? హ్యాండ్‌బ్యాగులోకి. తాళాలు, దువ్వెన, పెన్నులు, చార్జరు మధ్య, వదులుగా. ఏది అన్నిటికన్నా ప్రమాదమని చెప్పారో సరిగ్గా అలాగే. పైగా అవసరం పడిన క్షణంలో అది చేతికందదు, ముందెప్పుడో వెతుక్కునేటప్పుడు మాత్రం వేళ్ళని కోస్తుంది. మగవాడి బట్టల్ని ఊహించుకుని తయారుచేసిన భద్రత ఆడదాని చేతికొచ్చేసరికి ఆమెకే ప్రమాదంగా మారడం కాకతాళీయం కాదు.

మన భాషలో ఈ సంగతికి ఒక మాటుంది. జాగ్రత్త. ఇల్లు కదిలే ప్రతి ఆడపిల్ల వీపు వెనక వినిపించేది అదే, "జాగ్రత్తగా వెళ్ళు". దాని మూలంలో మేలుకుని ఉండటం అనే అర్థం ఉంది. నిద్రపోకుండా ఉండు, ఎప్పుడూ ఒక కన్ను తెరిచి ఉంచు అని. జేబులో చాకు పెట్టుకోవడమంటే ఈ మెలకువని రెట్టింపు చేసుకోవడం. చీకట్లో ఎదురొచ్చే మనిషిని కనిపెట్టాలి, జేబులో ఉన్న స్ప్రింగునీ కనిపెట్టాలి. 2011లో వచ్చిన 'వై లాయిటర్?' పుస్తకంలో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబయి వీధుల గురించి రాస్తూ, ఆడవాళ్ళకి కావలసింది రక్షణ పేరుతో కట్టడి కాదు, పనేమీ లేకుండా వీధిలో తిరిగే హక్కు, రిస్కు తీసుకునే హక్కు అని వాదించారు. నాకు ఆ వాదన ఇలా అర్థమవుతుంది. స్వేచ్ఛ అంటే ఒంటిని కాసేపు మరిచిపోగలగడం. చాకు ఆ మరపుని ఇవ్వదు.

అయినా చాకుని మనకి కానుకగా ఇవ్వడం మాత్రం ఆగలేదు. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తర్వాత, 2013 జనవరిలో ముంబయిలో శివసేన ఆడవాళ్ళకి చిన్న చాకులు వేల సంఖ్యలో పంచింది. 2014 జనవరిలో కాన్పూరు ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' పేరుతో ఆడవాళ్ళకోసమంటూ తేలికపాటి రివాల్వరు తెచ్చింది, ఖరీదు లక్ష రూపాయల పైమాటే. ఢిల్లీ మెట్రోలో ఆడవాళ్ళు నాలుగంగుళాల లోపు చాకు వెంట తెచ్చుకోవచ్చని భద్రతా దళం అనుమతించినట్టు 2017 జనవరిలో వార్తలొచ్చాయి. 2019 చివర్లో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత హైదరాబాద్ మెట్రో పెప్పర్ స్ప్రేకి తలుపు తెరిచింది. ప్రతి దారుణం తర్వాతా వ్యవస్థ ఆడదాని చేతిలో ఒక వస్తువు పెట్టి పక్కకి తప్పుకుంటోంది. వీధి దీపం వెయ్యడం, ఆఖరి బస్సు నడపడం, కేసు సకాలంలో విచారించడం ఎవరెవరో చెయ్యాల్సిన పనులు. ఆ పనులన్నిటి బరువూ మడతపెట్టి మూడంగుళాల్లో ఆమె సంచిలో వేస్తున్నారు.

ఇక్కడ నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇంకొకటుంది. ఇవాళ అనుమతిగా ఇచ్చినది రేపు బాధ్యతగా మారుతుంది. 1978లో మధుర కేసులో సుప్రీంకోర్టు పోలీసుల్ని విడిచిపెట్టినప్పుడు, ఆ ఆదివాసీ అమ్మాయి ఒంటిమీద గాయాలు లేకపోవడం ఆమెకి వ్యతిరేకంగా పనిచేసింది. ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ ఆ తీర్పుని ప్రశ్నిస్తూ బహిరంగ లేఖ రాశారు. దేశమంతా ఉద్యమం లేచింది. పెనుగులాడనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదనే మాట సూటిగా చట్టంలో చేరడానికి 2013 దాకా పట్టింది. చట్టంలో చేరినా మనసుల్లో చేరిందా? "అరవలేదా?" అని అడిగిన లోకం, "బ్యాగులో చాకుంది కదా, ఎందుకు తియ్యలేదు?" అని అడగదా? ఆత్మరక్షణ కోసం ప్రాణం తియ్యడం దాకా వెళ్ళే హక్కు శిక్షాస్మృతి నూరో సెక్షన్ ఇచ్చింది. 2024 జూలై నించి అదే హక్కు భారతీయ న్యాయ సంహిత 38వ సెక్షన్‌లో ఉంది. హక్కు ఉండటం అవసరం. కానీ ఆ హక్కుని వాడుకోలేకపోయిన స్త్రీని నిందించడానికి అది ఆధారం కాకూడదు.

ఇంకో మాట. జేబులో చాకు ఊహించే శత్రువు చీకట్లో ఎదురయ్యే అపరిచితుడు. జాతీయ నేర గణాంకాలు ఏటా చెప్తున్నది వేరు. నమోదైన అత్యాచార కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. తెలిసినవాడి ముందు ఏ చేతికి చాకు తట్టుతుంది? నిజానికి మనింట్లో కత్తికి ఎప్పుడూ కొదవలేదు. కత్తిపీట ముందు కూర్చునే ఆమెకి ఆ పదును గురించి ఏ సైనికుడికన్నా ఎక్కువ తెలుసు. ఆ ఇంట్లోనే దెబ్బలు తింటున్న ఆడవాళ్ళు ఎంతమందో. కత్తి లేకపోవడం కాదు వాళ్ళ సమస్య. ఇల్లు వదిలితే నిలబడటానికి చోటు లేకపోవడం.

ఇంత చెప్పాక నాకు నేనే ఎదురుచెప్పుకోవాలి. ఆడవాళ్ళకి అహింస బోధించడం ఎప్పుడూ అనుమానించాల్సిన సంగతే. చేతిలో ఏమీ లేకుండా ఉండమని చెప్పడానికి నేనెవరిని, దీపాలున్న గదిలో కూర్చుని? పొలానికి పోయే ఆమె కొడవలి రొండిన దోపుకునే పోతుంది, చేపలమ్మే ఆమె దగ్గర కత్తి ఉంటుంది. వాళ్ళని 'సాయుధులు' అని ఎవరూ అనరు. ఆ పదును వాళ్ళ పనిలో భాగం, ధైర్యంలో కూడా ఎంతో కొంత భాగమే. ఏది ఆయుధం అనేది వస్తువుని బట్టి కాక పట్టుకున్న మనిషిని బట్టి తేలడం కూడా మనకి తెలుసు. న్యూయార్కులో విదిలిస్తే తెరుచుకునే చాకులమీద ఉన్న పాత నిషేధం కింద ఎక్కువగా పట్టుబడినవాళ్ళు నల్లజాతి, లాటినో మనుషులు, వాళ్ళలో చాలామంది ఆ చాకుని పనిలో వాడుకునేవాళ్ళు. 2019లో గాని ఆ నిషేధం పోలేదు. ఢిల్లీలో మీట చాకులమీద 1980 నాటి నోటిఫికేషన్ ఉంది. అది అమ్మడం గురించీ, అమ్మకానికి దగ్గర పెట్టుకోవడం గురించీ చెప్తుంటే, ఊరికే జేబులో ఉన్నందుకు పెట్టిన కేసుని 2024లో సుప్రీంకోర్టు కొట్టేయాల్సి వచ్చింది. పరాయి దేశంలో, గోధుమరంగు చర్మంతో, అర్ధరాత్రి, బ్యాగులో చాకుతో నడిచే మా అమ్మాయిని పోలీసు దీపం ఎలా చూస్తుంది? బాధితురాలిగానా, అనుమానితురాలిగానా? ఆమెకి చాకు ఇచ్చిన కుర్రాడికి ఈ ఆలోచన వచ్చి ఉండదు.

కాబట్టి నా జవాబు రెండు భాగాలుగా చెప్పాల్సి వచ్చింది. వస్తువు గురించి ఇలా చెప్పాను. గొళ్ళెం లేకపోతే వెంట ఉంచుకోకు. బ్యాగులో వదులుగా అసలే వెయ్యకు. మీ క్యాంపస్ నిబంధన ఏమిటో చదువు, అక్కడ కూడదంటే ఇంట్లో అట్టపెట్టెలు కోసుకోవడానికి వాడుకో, దానికది మంచి పనిముట్టే. దీని భరోసాతో, లేకపోతే వెళ్ళని దారిలో వెళ్ళకు. చేతికందేంత దగ్గరికొచ్చినవాడి మీద మాత్రమే పనిచేసేది నీ చేతిలోంచి అతని చేతిలోకి కూడా అంతే సులువుగా పోతుంది.

రెండో భాగం భయం గురించి. నీ భయం నిజమైనది, దాన్ని తీసిపారెయ్యను. కానీ దాన్ని నీ జేబులో ఒంటరిగా మోయాల్సిన పనిలేదు. ఆ దారిలో నడిచేది నువ్వొక్కదానివేనా, అని అడిగాను. కాదంది. రాత్రి పని చేసే అమ్మాయిలు ఆ అంతస్తులో ఐదుగురున్నారు. ఒకరి గురించి ఒకరికి తెలుసు గాని ఈ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఒకామె దగ్గర స్ప్రే ఉందట, ఒకామె వేళ్ళ సందుల్లో తాళంచెవులు పట్టుకుని నడుస్తుందట, ఇంకొకామె కారెక్కేదాకా ఇంటికి ఫోను చేసి మాట్లాడుతూనే ఉంటుందట. ఐదుగురూ ఐదు రకాలుగా మేలుకుని ఉన్నారు.

వాళ్ళిప్పుడు కలిసి విభాగానికి ఒక ఉత్తరం రాశారు. దారిలో దీపాలు వెయ్యమనీ, పదిన్నర తర్వాత ల్యాబు దగ్గరినించి పార్కింగు దాకా బండి నడపమనీ, రాత్రి పనివేళల్ని ఎవరికి వాళ్ళకి కాక ఇద్దరిద్దరికి కలిపి వెయ్యమనీ అడిగారు. జవాబింకా రాలేదు. జవాబు వచ్చేదాకా ఐదుగురూ ఒకే సమయానికి ల్యాబు తలుపులు వేసి కలిసి నడుస్తున్నారు. చాకు ఆమె గదిలో బల్ల సొరుగులో ఉంది, గొళ్ళెం వేసి.