కాస్త లే, నాన్నా

నాన్నా చిన్నా,

జిమ్‌కి ఏడాది డబ్బు కట్టేశాను గానీ వెళ్ళడానికే కుదరట్లేదు పెద్దమ్మా అన్నావు ఫోన్లో. పొద్దున తొమ్మిదింటికి లాప్‌టాప్ ముందు కూర్చుంటే అమెరికా వాళ్ళతో కాల్ అయ్యేసరికి రాత్రి పదవుతుంది. అందులో గంట ఎక్కడినుంచి తెస్తావు? ఆ గంట మాట పక్కన పెట్టు. ఉన్న పనుల్లోనే ఒంటికి కాస్త పని కలుపుకో, నేను అడిగేది అంతే.

పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు వేడెక్కేలా నడకో పనో ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఇదివరకు ఒక్కసారికి పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అనేవారు. 2020లో ఆ షరతు తీసేశారు. రెండు నిమిషాలు మెట్లెక్కినా లెక్కే. నీలాంటి వాళ్ళకి ఇంతకన్నా మంచి కబురేముంది!

మెట్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, లండన్‌లో రెండంతస్తుల బస్సుల్లో ఒకప్పుడు డ్రైవరూ కండక్టరూ ఇద్దరూ ఉండేవాళ్ళు. డ్రైవరు రోజంతా సీట్లోనే, కండక్టరు టికెట్లు కొడుతూ పైకీ కిందికీ తిరుగుతూనే. జెర్రీ మోరిస్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్ళూ ఆ సిబ్బంది ఆరోగ్యాన్ని పరిశీలించి 1953లో బయటపెట్టారు: గుండెజబ్బు డ్రైవర్లకన్నా కండక్టర్లలో తక్కువ. ఆ కండక్టర్లు వ్యాయామమని మెట్లెక్కలేదు, ఉద్యోగం చేసుకున్నారు. నీ ఫ్లాటు నాలుగో అంతస్తులో. దిగేటప్పుడు లిఫ్టు మానెయ్. ఎక్కేటప్పుడు ముందు రెండంతస్తులు నడిచి, అక్కడ లిఫ్టెక్కు. ఆయాసం తగ్గాక మూడు.

రాత్రి భోజనం సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మనింట్లో షుగరు మీ తాతయ్య నుంచి వస్తోంది. తిన్న అన్నం చక్కెరై రక్తంలోకి దిగే వేళకి నువ్వు సోఫాలో ఫోను పట్టుకుని ఉంటావు. అప్పుడే పిక్కలూ తొడలూ కదులుతుంటే ఆ కండలు చక్కెరని లాక్కుని వాడేసుకుంటాయి, కదిలే కండ ఇన్సులిన్ కోసం అంతగా కాచుకోదు. కంచం తీసి, కోడల్ని వెంటబెట్టుకుని కిందికి దిగి పావుగంట నడువు. మీరిద్దరూ తీరిగ్గా మాట్లాడుకోవడానికీ అంతకన్నా మంచి వేళ లేదు.

సంక్రాంతికి భోజనాల బంతిలోంచి నువ్వు లేచేటప్పుడు చూశాను. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి మోకాలికి. ముప్ఫై ఆరేళ్ళకే! నాకు ఆ పూట ముద్ద దిగలేదు. రోజుకొక పూట కింద కూర్చుని తిను, చేతులు ఆనించకుండా లేవడం అలవాటు చేసుకో. మోకాలు నొప్పెడితే కుర్చీలోంచే పదిసార్లు లేచి కూర్చో. కండలకి బలమిచ్చే పని వారంలో రెండు రోజులైనా ఉండాలి.

టేబుల్ మీద నీళ్ళ సీసా బదులు గ్లాసు పెట్టుకో, అయిపోయినప్పుడల్లా లేవక తప్పదు. కెమెరా అక్కర్లేని కాల్స్ నడుస్తూ మాట్లాడు. పదివేల అడుగులు కావట్లేదని దిగులు పడకు. ఆ అంకె 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది. నిన్నటికన్నా నాలుగడుగులు ఎక్కువైతే చాలు.

మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినా, కళ్ళు తిరిగినా అక్కడే ఆగి డాక్టరు దగ్గరికి వెళ్ళు, నా దగ్గర దాచకు. కోడలికి కూడా ఇది చదివి వినిపించు, తనూ ఇంటినుంచే పని చేస్తోందిగా.

మీ పెద్దమ్మ