మంచం కింది మూగజీవి



ఒక వేసవిలో, మంచాన పడిన ఒక అవ్వకు దివ్యసత్ప్రసాదం ఇవ్వడానికి వెళ్ళాను. ఆమె మంచం కింద ముసలి కుక్క ఒకటి పడుకొని ఉంది. పొట్ట కింద కణితి పుండైపోయింది. ఇక తగ్గదని పశువుల డాక్టరుగారు చెప్పారట. కొడుకు నన్ను వాకిట్లోకి పిలిచి, "ఫాదర్‌గారూ, దీన్ని గోతంలో వేసి కాలువ అవతల వదిలేద్దామనుకుంటున్నాం, తప్పంటారా?" అని అడిగాడు. లోపలినుంచి అవ్వ అంది: "నాకూ తగ్గదనే గదా నాయనా చెప్పారు. మరి నన్నెక్కడ వదిలిపెట్టి వస్తావు?"

అతడు తల వంచుకున్నాడు. నేనూ వంచుకున్నాను. "కుక్కే కదా, నీ ఇష్టం" అన్న మాట అప్పటికే నా నోటిదాకా వచ్చింది మరి.

ప్రియులారా, నీతిమంతుడు తన పశువు బాధను ఎరిగినవాడని సామెతల గ్రంథం (12:10) బోధిస్తుంది. తోబీతు గ్రంథంలో తోబియా, రఫాయేలు దేవదూతల వెంట ఇంటి కుక్క కూడా ప్రయాణం చేసింది. కతోలిక శ్రీసభ సత్యోపదేశం (2416-2418) ఈ విషయంలో పునీత అస్సీసి ఫ్రాన్సిస్, పునీత ఫిలిప్ నేరి వారల మృదుత్వాన్ని గుర్తుచేస్తూ, రెండు సంగతులు చెబుతుంది. మూగజీవాలను అనవసరంగా బాధపెట్టడం మానవ గౌరవానికే విరుద్ధం. అలాగే, మనుషులకు చెందవలసిన ప్రేమను, ధనాన్ని వాటివైపు మళ్ళించడమూ తగదు.

కనుక ఆ ఇంట్లో ముందు అవ్వ మందులే కొనాలి. అయితే కుక్కకు కావలసినవాటికి పెద్దగా ఖర్చు లేదు. కాస్త నీడ, పొడి గోనెపట్టా, పూటపూటకూ పక్క మార్చడం, తడిగుడ్డతో నోరు తడపడం, పుండు మీద ఈగలు వాలకుండా చూడడం. నొప్పికి మందు పశువుల డాక్టరునే అడగండి. మనం వేసుకునే పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ బిళ్ళలు కుక్కలకు, పిల్లులకు విషం కావచ్చు. ఇక పెంచిన జీవిని ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

"ఇంజెక్షన్ చేయిస్తే పాపమా?" అని కొందరు అడుగుతారు. మనిషి ప్రాణం దేవునిది. ఎంత జబ్బులోనైనా దాన్ని తీసే హక్కు మనకు లేదు. పశువునైతే దేవుడు మన సంరక్షణకు అప్పగించాడు. నొప్పి ఏ మందుకూ తగ్గనప్పుడు డాక్టరుచేత బాధలేని మరణం ఇప్పించడం పాపం కాదు. కాని ముందు మనస్సాక్షిని అడగండి: ఇది దాని బాధ తీర్చడానికా, మన విసుగు తీర్చుకోవడానికా?

ఆ కొడుకు గోతం విప్పి మంచం కిందే పరిచాడు. ఆరు రోజులు కుక్క నోరు తడిపాడు. ఏడవనాడు పెరట్లో పాతిపెట్టాడు. అంతవరకు తల్లి సేవంతా భార్యకే వదిలేసిన మనిషి, ఆ తర్వాత తల్లి పక్క మార్చడం మొదలుపెట్టాడు. క్రిస్మసుకు ముందు అవ్వ ప్రభువును చేరుకుంది. చివరిసారి ఆమె నోరు తడిపింది కొడుకే.

మీ ఇంటి మూలలో మూలిగే ప్రాణి ఏదైనా ఉంటే, ఈ రాత్రి ఒకసారి దీపం పట్టుకొని వెళ్ళి చూడండి. మీ పిల్లలను కూడా వెంట తీసుకువెళ్ళండి. రేపు మన మంచం దగ్గర కూర్చోవలసింది వాళ్ళే.

కరుణామయుడైన ప్రభువు మీ కుటుంబాలను దీవించును గాక! ఆమెన్.