పల్లంలో ఉన్న పొరుగువాడు



ఈ వారం మీ కుటుంబ ప్రార్థనలో ఆదికాండము 26వ అధ్యాయం చదవండి. అబ్రహాము కాలంలో తవ్విన బావులను ఫిలిస్తీయులు మట్టితో పూడ్చివేశారు. కుమారుడైన ఈసాకు వాటిని తిరిగి తవ్వించాడు. కొత్తగా తవ్విన బావి దగ్గర గెరారు కాపరులు తగవుకు వచ్చారు. రెండవ బావి దగ్గరా అదే తగవు. మూడవ బావికి మాత్రం ఎవరూ అడ్డు రాలేదు. అందరికీ చోటు దొరికిందన్న భావంతో ఈసాకు దానికి రెహోబోతు అని పేరు పెట్టాడు.

మన చిత్తూరు సీమలో బోరు వేసిన వారికి ఈ కథను విడమరచి చెప్పనక్కరలేదు. పక్క చేనులో మూడు వందల అడుగుల బోరు పడితే మనం ఆరు వందలకు దిగుతాం. అవతలివారు వెయ్యికి పోతారు. నీళ్లు పడకపోతే మిగిలేది అప్పు. ఒకే బలిపీఠం దగ్గర దివ్యసత్ప్రసాదం స్వీకరించే అన్నదమ్ములు చేని గట్టు దగ్గర ముఖాలు చూసుకోరు.

బోరు నీటిని పుట్టించదు, తోడుతుంది. నీటిని పంపేది సర్వేశ్వరుడు. సముద్రపు నీరు ఎండకు ఆవిరై, మబ్బై, వానగా మనకు దిగుతుంది. ఎకరం నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే అది సుమారు 40,000 లీటర్లు! అందులో కొంత మళ్లీ ఆవిరవుతుంది, కొంత పారిపోతుంది, కొంత ఇంకుతుంది. మన నేల అడుగున గట్టి రాయి. మెత్తబడిన పై పొరలోను, రాతి పగుళ్లలోను మాత్రమే నీరు నిలుస్తుంది. ఉరికే వానను కాస్త ఆపితేనే ఆ పగుళ్లు నిండుతాయి. కొండ మీది చెట్టు, చేని గట్టు, చెరువు కట్ట చేసే మేలు అదే.

వాన నీరు వాలును బట్టి సాగుతుంది. ఒకే వంకకో, ఒకే ఏటికో నీటిని చేర్చే నేలంతా ఒక పరీవాహక ప్రాంతం. పల్లెల్లో వాటర్‌షెడ్ అని మనం వినే మాట ఇదే. చంద్రగిరి వైపు కొండల నీరు స్వర్ణముఖిలో చేరి, తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతాల మీదుగా బంగాళాఖాతానికి పోతుంది. చిత్తూరు పట్టణపు నీరు నీవా నది ద్వారా పొన్నైలో కలిసి, తమిళనాడులో పాలారును చేరుతుంది. 2022లో జిల్లాల సరిహద్దులు మారాయి. నీటి సరిహద్దులు మారలేదు. వాటిని గీసినవాడు సృష్టికర్త.

ఈ సంగతి ఎరిగిన పెద్దలు గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. పై చెరువు నిండి మరవ పారితే ఆ నీరు కింది చెరువుకు. పై ఊరివారు కాలువను కాపాడితేనే కింది ఊరివారికి పంట.

2021 నవంబరు 18, 19 తేదీల వానలు మీకు గుర్తుండే ఉంటాయి. శేషాచలం కొండల మీది నీరు జలపాతాలై దిగి తిరుపతి వీధులను ముంచింది. ఆ తరువాత రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట నుంచి నీరు కారడంతో దిగువ పల్లెలవారిని ఇళ్లు ఖాళీ చేయించారు. ఒక ఏడు కరువని ఏడ్చిన నేల మీదే మరో ఏడు వరద! కుంభవృష్టిని ఆపడం మన చేతిలో లేదు. కాని వంకను పూడ్చి, చెరువు గర్భంలో ప్లాట్లు వేస్తే నీరు ఎటు పోవాలి? ఎవరి ఇంట్లోకి పోవాలి?

తన పొరుగువాడెవరని ధర్మశాస్త్ర బోధకుడు అడిగినప్పుడు ప్రభువు దారిలో గాయపడి ఉన్నవాని కథ చెప్పారు. నీటి విషయంలో మన పొరుగువాడు పల్లంలో ఉన్నాడు. అతని ముఖం మనం చూసి ఉండకపోవచ్చు. అయినా మన చేని గట్టు, మన వీధి కాలువ, మనం పారవేసే చెత్త అతని కడవ దాకా చేరుతాయి. వంకను ఆక్రమించడం పొరుగువాని సొత్తును దొంగిలించడమే. అది ఏడవ దైవాజ్ఞకు విరుద్ధం. పాపసంకీర్తనానికి ముందు ఆత్మపరిశోధనలో దీన్ని కూడా తలచుకుందాం.

మంచినీరు ప్రతి మనిషి హక్కు అని పోపు ఫ్రాన్సిస్ 2015లో 'లౌదాతో సి' విశ్వలేఖలో బోధించారు. మరి మనం ఏం చేయగలం? ఈశాన్య రుతుపవనాల వానలు రాకముందే విచారణ యువత ఊరివారందరితో కలిసి, మతభేదం లేకుండా, చెరువు కాలువలో ముళ్లకంప తీయవచ్చు. రెండు వందల చదరపు మీటర్ల దేవాలయపు కప్పు మీద ఐదు సెంటీమీటర్ల వాన పడితే పది వేల లీటర్లు. దాన్ని వీధిలోకి వదలకుండా ఇంకుడు గుంతలోకి మళ్లించవచ్చు. కొత్త బోరుకు ముందు పక్క రైతుతో కూర్చుని మాట్లాడవచ్చు.

జ్ఞానస్నానపు నీటితో మనలను తన బిడ్డలుగా చేసుకున్న తండ్రీ! మేము పూడ్చిన బావులను తిరిగి తెరిచే మనసు మాకు దయచేయండి. మా నీటితో పల్లంలోని మా సోదరుని కడవ కూడా నిండునుగాక. ఆమెన్.